కోహ్వా రికార్డు మీద లేని పేరు

పాత డెయిరీ, నుర్మెస్
శనివారం, 16 అక్టోబరు 2021
మధ్యాహ్నం కాఫీ అయ్యాక

చిరంజీవి సంప్సాకి,

తావెత్తి పుహక్క ఆశీస్సులతో రాయునది. మోకాళ్ళ మాట వదిలేస్తే ఇక్కడ నేను క్షేమం. నువ్వు క్షేమమని నీ ఉత్తరం విప్పగానే తెలిసింది. ఒంట్లో బాగాలేనివాడి చేతిరాత అంత నిటారుగా ఉండదు. పాతికేళ్ళ కిందట నువ్వు పాటలు రాసుకున్న కాగితాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వాటి మీద అక్షరాలు మంచులో కాకి నడిచినట్టుంటాయి. ఇప్పుడు బడిపంతులు రాసినట్టు రాస్తున్నావు. తాంపెరెలో పిల్లలకి గిటారు నేర్పుతున్నావని విన్నాను, ఆ ప్రభావం కాబోలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసి మంచిపని చేశావు. చేసినా నేను ఎత్తేవాణ్ణి కాదు. మా ఇంట్లో ఫోన్ మోగితే తావెత్తి ఎత్తడని ఊరందరికీ తెలుసు. చెవుడొచ్చింది పాపం అనుకుంటారు. చెవుడేమీ లేదు. పియెలినెన్ సరస్సులో ఎవరి పడవ ఇంజను దగ్గుతోందో ఈ కుర్చీలో కూర్చునే చెప్పగలను. ఎందుకు ఎత్తనో అదో కథ. ముందు నువ్వడిగిన సంగతి చూద్దాం.

నీ ఉత్తరంలో ఉన్నవి నాలుగే వాక్యాలు. కోహ్వా మొదటి రికార్డుకి పాతికేళ్ళు నిండాయి, కంపెనీవాళ్ళు మళ్ళీ కొత్తగా వేస్తామంటున్నారు అన్నావు. అసలు టేపులు మీ దగ్గరే ఉండాలి మేస్త్రీ, పంపగలరా అన్నావు. కవరు కూడా కొత్తగా అచ్చు వేస్తారు అన్నావు. హెల్కాకి మాత్రం చెప్పకండి, అప్పుడే తన పేరు వద్దన్న మనిషిని ఇప్పుడు ఎందుకు కదిలించడం అన్నావు. ఆ నాలుగో వాక్యం దగ్గర కలం కాసేపు ఆగినట్టుంది, సిరా మరక పడింది.

టేపులున్నాయి. చల్లగదిలో, వెన్న పెట్టెలు పేర్చే అరల మీద, ఆరు డబ్బాలు. తడి తగల్లేదు, ఎలక ముట్టలేదు. రికార్డింగుకి ఆ మెషీన్ ఎలా వచ్చిందో నీకు ఎప్పుడైనా చెప్పానా? యోయెన్సూలో రేడియో స్టేషన్ వాళ్ళు పాత సామాను తీసేస్తుంటే బంగాళాదుంపల ట్రెయిలర్‌లో వేసుకుని తెచ్చాను. దారిలో వాన. ఉన్న ఒక్క కోటూ దానికి కప్పి నేను తడిశాను. వారం జ్వరం. దాన్ని నడపడం ఎవరు నేర్పారని మీ పాటగాడు పాసి ఒకసారి అడిగాడు. లైబ్రరీ బస్సు నేర్పిందన్నాను. వాడు వేళాకోళం అనుకున్నాడు. నేను చదివింది ఆరు క్లాసులు. మిగతాదంతా మంగళవారం మంగళవారం డెయిరీ మలుపులో ఆగే ఆ బస్సులో చదివిందే. నేను పనిచేసిన ఈ డెయిరీ మూతపడి నా ఇల్లయ్యేనాటికి నాకు వెన్న తీసే యంత్రాలెంత తెలుసో మైకులూ అంతే తెలుసు. యంత్రం యంత్రమే. ఒకటి మీగడ విడదీస్తుంది, ఒకటి చప్పుడు విడదీస్తుంది.

ఆ ఫిబ్రవరి నీకు గుర్తుందో లేదో. బయట సున్నాకి కింద ముప్ఫై రెండు. మీరు నలుగురూ వ్యాన్‌లోంచి దిగి, దిగీ దిగగానే బృందం పేరు చెప్పారు: కోహ్వా. నేను నవ్వాపుకోలేకపోయాను. చూడ్డానికి గట్టిగా ఉండి కాలు పెడితే దిగబడే మంచు పేరు పెట్టుకున్నారు, మీరెన్నాళ్ళు నిలబడతారురా అన్నాను. దిగబడేది మేం కాదు మేస్త్రీ, వినేవాళ్ళు అన్నావు నువ్వు. ఇరవై రెండేళ్ళ వాడివి. బొడ్డు దాకా జుట్టు.

మీగడ గదిలో తెల్ల పలకల మధ్య అర్తు డ్రమ్ములు. చల్లగదిలో నీ గిటారు. కింద జున్ను కొట్టులో పాసి అరుపులు. బేస్ వాయించిన ఆ పొడుగాటి కుర్రాడి పేరు నాకు ఇప్పటికీ గుర్తు రాదు, కానీ కవరు మీద ఉంది. మొదటిరోజే పక్కింటి వైనో కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తావెత్తీ, నీ కొట్టులో దుప్పి గానీ ఇరుక్కుందా అన్నాడు. దుప్పి కాదు, పోస్టాఫీసు లీసా కొడుకు పాసి అన్నాను. అయ్యో, డాక్టర్ని పిలవనా అన్నాడు. వద్దులే, ఇంకా మూడు పాటలున్నాయి అన్నాను. వైనో ఆలోచించి ఆలోచించి, వాళ్ళమ్మకి తెలుసా మరి అన్నాడు.

పాటలన్నీ మీకు రాని ఇంగ్లీషులో. మా ఇంట్లో డిక్షనరీ ఉందిగదా అని దాన్ని పట్టుకున్నారు. అందులో నడుమ ముప్ఫై పేజీలు లేవు. డెయిరీలో ఎవడో వెన్న చుట్టేశాడు. దుఃఖం అన్న మాట ఆ ముప్ఫై పేజీల్లోనే పోయింది. అందుకని ఆ రికార్డులో ఎనిమిది పాటలున్నా, అన్నీ చావూ చలీ అయినా, దుఃఖం అన్న మాట ఒక్కసారీ రాదు. పత్రికలవాళ్ళు దాన్నే పొగిడారు, ఎంత నిగ్రహం అని!

మళ్ళీ పక్కదారి పట్టాను. టేపుల గురించి కదా రాస్తున్నది.

మూడోరోజు మా అమ్మాయి హెల్కా కాఫీ ఫ్లాస్కు పట్టుకొచ్చింది. కువొపియోలో చర్చి ఆర్గన్ చదువు రెండో ఏడు, శీతాకాలం సెలవులు. మీరు అద్దెకి తెచ్చిన కీబోర్డు మీద, నువ్వు రెండు వేళ్ళతో, మొదటి పాటకి ముందు రావలసిన రాగం వెతుకుతున్నావు. అది వాకిట్లో నిలబడి విని, శవపేటికలమ్మే కొట్లో రేడియో పెట్టినట్టుంది అంది. నువ్వు తల తిప్పకుండానే, అయితే రా, నువ్వే వాయించి చూపించు పంతులమ్మా అన్నావు. పోతుందనుకున్నావు. అది పోయి, అర్తునీ ఆ పొడుగాటివాణ్ణీ వెంటేసుకుని, మూతపడ్డ బడిలోంచి కాలితో తొక్కే హార్మోనియం మంచు మీద జారే తోపుడు బండి మీద ఈడ్చుకొచ్చింది.

ఆ తర్వాతి రెండు నిమిషాలు నీకు నేను చెప్పక్కర్లేదు. టేపు మెషీన్ దగ్గర నేను గుడ్లప్పగించి కూర్చున్నాను. అది ఊలు బూట్లేసుకుని తొక్కుతోంది, ఎడమ తొక్కుడు పలక కిర్రుమంటోంది. నూనె డబ్బా తీశాను. నువ్వు గాజులోంచి చూసి ఎగబడి వచ్చావు. మేస్త్రీ, ఆ పలక మీద ఒక్క చుక్క పడిందో, డ్రమ్ము పుల్ల విరిగేదాకా కొడతాను అన్నావు. పెద్దవాణ్ణి, నా ఇంట్లో నన్ను! ఆ కిర్రు మీద ఇప్పుడు జపాన్‌లో వాదులాడుకుంటున్నారట. శవపేటిక మూత అని కొందరు, మంచులో ఇరుక్కున్న ఓడ అని కొందరు. ఎడమకాలి ఊలుబూటు అని ఎవరూ అనలేదు.

ఒక్క పాటకని కూర్చున్న పిల్ల ఎనిమిది పాటలకీ వాయించింది. నీ గిటారు ఒకటంటే అది ఇంకోటి అనేది. ఇక్కడ నువ్వు ఏడవకూడదు, కోపం రావాలి అనేది. నీకేం తెలుసే అనేవాడివి. మళ్ళీ దానికి నచ్చినట్టే వాయించేవాడివి. అంత గట్టిగా మాట్లాడటం నేను దాన్ని అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత కూడా చూడలేదు.

చివరిరోజు సౌనా ఆవిరి గదిలో, నువ్వూ నేనూ పై బల్ల మీద కూర్చుని ఉండగా, నువ్వొక మాట అన్నావు. హెల్కా లేకపోతే ఇదంతా ఉట్టి రొద మేస్త్రీ అన్నావు. నేను కాగిన రాళ్ళ మీద ఇంకో గరిటె నీళ్ళు పోశాను. ఆ మాట హెల్కాకి చెప్పలేదు. సౌనాలో అన్నది సౌనాలోనే ఉండాలని మన పద్ధతి కదా. పద్ధతులు మనిషికి ఎంత అనుకూలంగా ఉంటాయో చూడు.

ఇప్పుడు ఇంకో పక్కదారి, కోప్పడకు, ఇది దగ్గరిదారే. 1966లో నేను హెల్సింకీ వెళ్ళి ఒక టాంగో రికార్డుకి అకార్డియన్ వాయించాను. పాడినవాడి పేరు నీకు తెలుసు, వద్దులే. పాట మధ్యలో పదహారు మాత్రల అకార్డియన్ నాది. ఆ వేసవంతా డాన్సు హాళ్ళన్నిటిలో ఆడవాళ్ళు సరిగ్గా ఆ పదహారు మాత్రల దగ్గరే కళ్ళు మూసుకునేవాళ్ళు. మా అమ్మ ఆ రికార్డు కొని, కవరు కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, ముందూ వెనకా తిప్పి, మా నాన్న భూతద్దం తెచ్చి వెతికింది. నీ పేరెక్కడుందిరా అంది. ఆర్కెస్ట్రాతో అని ఉందే, అదేనమ్మా నేను అన్నాను. అయితే ఇది ఎవరికని చూపించనూ అంది. అలమారులో దుప్పట్ల కింద పెట్టేసింది. ఆమె పోయాక తీశాను, ఒక్కసారి కూడా ముల్లు పడలేదు దాని మీద.

కాబట్టి కవరు మీద పేరు లేకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఈ జిల్లాలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇది గుర్తుపెట్టుకో.

1996 అక్టోబరులో నీ రికార్డు పోస్టులో వచ్చింది. హెల్కా ఆ వారాంతం ఇంట్లోనే ఉంది. వంటింటి బల్ల దగ్గర కత్తెరతో చుట్టుకాగితం కోసి, కవరులోంచి చిన్న పుస్తకం బయటికి లాగింది. గానం పాసి. గిటారు నువ్వు. డ్రమ్ములు అర్తు. ఆ పొడుగాటివాడు. రికార్డింగ్, తావెత్తి పుహక్క. తర్వాత మీ మెటల్ సంగీతం వాళ్ళకి అలవాటైన ఆ కృతజ్ఞతల జాబితా. నలభై ఒక్క పేర్లు. పాసి అమ్మమ్మ ఉంది. బస్టాండు దగ్గర సాసేజీలమ్మే ఆవిడ ఉంది. అర్తు కుక్క రెక్కు ఉంది. వ్యాను టైరు మార్చిన మనిషి పేరు తెలియక, వ్యాను టైరు మార్చిన పెద్దమనిషికి అని కూడా వేశారు. హెల్కా వేలు పెట్టి చివరిదాకా చదివింది. తిరగేసి, మళ్ళీ మొదట్నించి చదివింది. తర్వాత, నీ పేరు బాగా వచ్చింది నాన్నా అంది. లేచి వెళ్ళి మీగడ గదిలో హార్మోనియం మూత దించింది. ఆ మూత ఈరోజుకీ లేవలేదు.

మరి నువ్వు? జర్మనీ వెళ్ళావు. కీబోర్డుకి ఎవణ్ణో పెట్టుకున్నావు. రెండో రికార్డు విన్నాను. చాలా శుభ్రంగా ఉంది, ఆసుపత్రి నేలలాగా. మూడోది వినలేదు. మూడో రికార్డు తర్వాత కోహ్వా లేదు. నేను మొదటిరోజే చెప్పాను కదా.

నాకు మీ ఇద్దరి మీదా కోపం, సంప్సా. పాతికేళ్ళ కోపం. ఒక్క ప్రశ్నతో తేలిపోయేదాన్ని ఇద్దరూ మూటగట్టి పెట్టుకున్నారు. మన మనుషుల సంగతి ఇదే. తలుపు మూసి ఉంటే తట్టరు. లోపలివాళ్ళకి ఏదో కారణం ఉంటుందిలే అని తిరిగిపోతారు. దాన్ని మర్యాద అంటారు. నువ్వేమో, అది సిగ్గుపడి పేరు వద్దంది, అడిగితే బాగుండదు అనుకున్నావు. అదేమో, వాళ్ళు అక్కర్లేదనుకున్నారు, అడిగితే చిన్నతనం అనుకుంది. 2004లో మీ ఇద్దరూ మా ఊరి కొట్లో ఎదురుపడ్డారు. హెల్కా ఇంటికొచ్చి, సంప్సా కనబడ్డాడు, పెరుగు కొంటున్నాడు అంది. తర్వాత ఏమైనా చెబుతుందేమోనని సాయంత్రందాకా చూశాను. ఏ రకం పెరుగో అది కూడా చెప్పలేదు.

అంతకంటే ఘోరం మీ అమ్మ అంత్యక్రియలు. పైన ఆర్గన్ దగ్గర హెల్కా. అప్పటికి పన్నెండేళ్ళుగా అది మన చర్చి ఆర్గనిస్టు. ప్రార్థనలూ కీర్తనలూ అయ్యాక, పెట్టె మోసుకుని మీరు బయటికి నడిచేటప్పుడు, అది మీ రికార్డు మొదట్లోని ఆ రెండు నిమిషాలు వాయించింది. బాగా నెమ్మదిగా. చర్చిలో ఎవరూ పోల్చుకోలేదు. నేను పోల్చుకున్నాను. నువ్వూ పోల్చుకున్నావు, నీ కాళ్ళు ఆగడం నేను చూశాను. వెనక్కి తిరిగి పైకి చూస్తావనుకున్నాను. చూడలేదు. పెట్టె మోస్తూ ఎలా చూస్తావులే. కానీ తర్వాత అందరికీ ఇచ్చిన కాఫీల దగ్గర? అక్కడ నీ చేతుల్లో కప్పు తప్ప ఏమీ లేదు. వెళ్ళి, బాగా వాయించారు, కృతజ్ఞతలు అన్నావు. మీరు అన్నావు! అది నా పనే కదండీ అంది అది. నా చేతిలో యాలకుల రొట్టె నలిగి పొడి అయింది.

అది ఇప్పుడు నలభై అయిదేళ్ళది. ఆదివారాలు, పెళ్ళిళ్ళు, చావులు. సొంతంగా ఒక్క రాగం కట్టలేదు ఆ తర్వాత. నేనడిగాను ఒకసారి. పుస్తకంలో ఉన్నవి చాలు నాన్నా అంది. ప్రతి శనివారం వచ్చి నాకు సౌనా వేడి చేసి పెడుతుంది. ఇప్పుడు కూడా ఇది రాస్తుంటే వెనక కట్టెలు చీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక్క దెబ్బకి ఒక కట్టె. అలా చీల్చేవాళ్ళు ఊళ్ళో మగవాళ్ళలో కూడా తగ్గిపోయారు.

సరే, అసలు మాట. టేపులిస్తాను. ఒక్క షరతు. కొత్త కవరు మీద హార్మోనియం, హెల్కా పుహక్క అని వేయించు. చివర కుక్క పక్కన కాదు, నీ పేరు కింద. అప్పుడు వద్దంది కదా అంటావేమో. అప్పుడు దానికి ఇరవయ్యేళ్ళు. ఇరవయ్యేళ్ళ పిల్ల అన్నది రాతి మీద చెక్కుకుంటామా? దాన్ని అడగొద్దు, దానికి చెప్పొద్దు. వేయించి, రికార్డు పోస్టులో పంపు. అంతే. మూడోవాడికి తెలియనక్కర్లేదు.

ఇదే నేను చెప్పాలనుకున్నది. ముసలివాడి చేదు మాటలకి ఏమీ అనుకోకు. అర్తు కనబడితే అడిగానని చెప్పు. రెక్కు పోయి చాలాకాలమై ఉంటుంది, మంచి కుక్క.

ఇట్లు,
ఎప్పటి నీ మేస్త్రీ,
తావెత్తి పుహక్క

తాజా కలం:

కవరు అంటించబోతుంటే హెల్కా కట్టెలు తీసుకుని లోపలికొచ్చింది. బల్ల మీద ఆరు డబ్బాలు చూసింది. ఇవెక్కడికి అంది. అబద్ధం ఆడే టైము లేదు. సంప్సాకి, మళ్ళీ వేస్తారట, కవరు కొత్తది అన్నాను. కట్టెలు దించి, చేతులు దులుపుకుని, నువ్వు రాసే ఉత్తరంలో నా పేరు వేయమని గానీ అడిగావా అంది. నేను కవరు మీద అరచెయ్యి పెట్టాను. అయితే కొట్టెయ్యి అంది. అప్పుడు నేను వాడికి అక్కర్లేకపోయాను, ఇప్పుడు మా నాన్న బతిమాలితే జాలిపడి వేస్తాడా, నాకా ముష్టి వద్దు అంది.

ఇక అప్పుడు చెప్పేశాను. నీకూ చెబుతున్నాను. పైన అన్ని పేజీలు రాసింది ఇది రాయకుండా తప్పించుకోవడానికే.

1996 సెప్టెంబరులో నువ్వు హెల్సింకీ నుంచి ఫోన్ చేసిన మధ్యాహ్నం గుర్తుందా? కవరు రేపు ప్రెస్సుకి వెళుతోంది, హెల్కా తన పేరు ఎలా వేయమంటుంది మేస్త్రీ, ఇంటిపేరుతోనా లేకుండానా అని అడిగావు. ఆరోజు హెల్కా ఇంట్లో లేదు. చర్చిలో ఆర్గన్ మీద సాధన చేసుకుంటోంది. మా వంటింట్లో ఉన్నది ఎస్తేరి, చర్చి సంఘం పెద్ద. హెల్కాకి వచ్చే వేసవికి చర్చిలో ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చేది ఆవిడే. పక్కదేశంలో అరుపుల సంగీతం కుర్రాళ్ళు చర్చిలు తగలబెట్టారని పేపర్లలో వచ్చిన రోజులవి. ఫోన్ మోగడానికి సరిగ్గా ముందు ఆవిడ కాఫీ చప్పరిస్తూ అంది: తావెత్తీ, మీ డెయిరీలో అరిచారే ఆ పిశాచాలు, వాళ్ళలో మీ అమ్మాయి లేదు కదా? ఛఛ, కాఫీ ఇచ్చేదండీ అంతే అన్నాను. అనగానే నువ్వు ఫోన్ చేశావు. ఫోన్ గోడకి. ఎస్తేరి నాకు రెండడుగుల్లో. నీ ప్రశ్న విన్నాను. తన పేరు వద్దంటోంది అన్నాను.

హెల్కా ఆ మాట అనలేదు, సంప్సా. ఎప్పుడూ అనలేదు. దానికి నువ్వు అడిగావన్న సంగతే ఈరోజు దాకా తెలియదు.

ఫోన్‌లో నువ్వు, సరే, తన ఇష్టం అన్నావు. తర్వాత, మరి మీ పేరెలా వేయమంటారు అన్నావు. నేను నా పేరు తప్పు పోకుండా, అక్షరం అక్షరం విడదీసి చెప్పాను. ఎస్తేరి ముందే. రికార్డింగ్ చేసినవాడు పనివాడు కదా, వాడికి పాపం అంటదు అనుకున్నాను.

ఎస్తేరి వెళ్ళిపోయాక సాయంత్రమంతా టైముంది. నీ నంబరు గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉంది. రేపు కదా ప్రెస్సు. యాలకుల రొట్టె రెండు ముక్కలు మిగిలాయి, తిన్నాను. అప్పట్నించే నేను ఫోన్ ఎత్తను.

ఎస్తేరిని ఆవిడ చివరిరోజుల్లో చూడ్డానికి వెళ్ళాను. మా మనవడు మీ డెయిరీ రికార్డు వినిపించాడు తావెత్తీ అంది. అరుపులు సంగతి సరే గానీ, మొదట్లో ఆ హార్మోనియం ఎంత బాగుంది, మా చిన్నప్పటి బడి గుర్తొచ్చింది, ఎవరది అంది. నేను కాఫీ కప్పు కడగడానికి లేచాను.

పైన పెట్టిన షరతు కొట్టేస్తున్నాను. షరతులు పెట్టే మనిషిని కాను నేను. టేపులు సోమవారం బయలుదేరతాయి. కాగితం వెనక హెల్కా నంబరు రాస్తున్నాను, తనే ఎత్తుతుంది. నీకేం చెబుతుందో నాకు తెలియదు. నా పేరు ఉంచాలో తీయాలో కూడా దాన్నే అడుగు.

చెబుతున్నంతసేపూ అది నిలబడే వింది. కోపం రాలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగింది: పేరు ఉండటమంటే ఏమిటో నీకు తెలుసు కదా నాన్నా? తర్వాత నీళ్ళ బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

సౌనాలో ఇంటి పెద్దకి మొదటి ఆవిరి, అదీ మన పద్ధతే. పాతికేళ్ళుగా ప్రతి శనివారం, రాళ్ళు కాగగానే గరిటెతో ఈ కిటికీ మీద రెండుసార్లు కొట్టి, నాన్నా, వేడెక్కింది అంటుంది. నేను తువ్వాలు భుజాన వేసుకుని కూర్చునే ఇది రాస్తున్నాను. పొగ గొట్టంలో పొగ పలచబడి చాలాసేపయింది. ఇప్పుడే సౌనా లోపల రాళ్ళ మీద నీళ్ళు పడిన చప్పుడు వినిపించింది. ఒక గరిటె. ఇంకొకటి.

కిటికీ మీద ఎవరూ కొట్టలేదు.